పది గడులు... గడికి నూట యాభై అక్షరాలు

‘మావాడికి మార్కులున్నాయండీ. ఎక్స్‌ట్రా కరిక్యులర్సే ఏమీ లేవు. ఇప్పుడేం చెయ్యమంటారు?’

విదేశాల్లో డిగ్రీ చదివించాలన్న ఆలోచన ఉన్న ఏ ఇంట్లోనైనా, అది గాజువాకైనా ఎంవీపీ కాలనీ అయినా, ఇంటర్ రెండో ఏడాది మొదలవగానే వినిపించే మాట ఇది. దానికి పక్కింటి నుంచో, కన్సల్టెన్సీ నుంచో వచ్చే సలహా కూడా ఒకటే: ‘ఏదైనా ఎన్జీవోలో చేర్పించండి, నెలకల్లా సర్టిఫికెట్ ఇచ్చేస్తారు’. ఆ భయంలో కొంత నిజం ఉంది. సలహాలో మాత్రం ఏమీ లేదు.

విశాఖ పిల్లల్లో చాలామందికి రాయడానికి ఏదో ఒకటి ఉంటుంది. అది లెక్కలోకి వస్తుందని వాళ్లకు తెలియదంతే. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌లో అమ్మ పక్కన కూర్చుని చేపల లెక్క రాసే అమ్మాయి, ‘నేనే యాక్టివిటీసూ చెయ్యలేదు’ అంటుంది. రెండు ఆదివారాలు ఆర్‌కే బీచ్‌లో చెత్త ఏరి ఫొటో దిగిన అబ్బాయి ‘సోషల్ సర్వీస్’ అని ధీమాగా రాస్తాడు. అప్లికేషన్ చదివే అధికారి దృష్టిలో వీళ్లిద్దరిలో ఎవరి కథ బరువైనదో చెప్పక్కర్లేదు.

ఇందులో పణంగా ఉన్నది చిన్నదేమీ కాదు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ లాంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థి ఫీజు కట్టగలడా లేడా అన్నది చూడకుండా ప్రవేశం ఇస్తాయి. సీటు వచ్చాక కుటుంబ ఆదాయాన్ని బట్టి అవసరమైనంత సాయమూ చేస్తాయి. ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కార్మికుడి బిడ్డకైనా, పోర్టులో లారీ డ్రైవర్ బిడ్డకైనా ఆ తలుపు కాగితం మీద తెరిచే ఉంది. కానీ అక్కడికి అప్లై చేసేవాళ్లందరికీ మార్కులుంటాయి. కాబట్టి మిగిలిన పేజీలకు విలువ పెరుగుతుంది.

ఎక్కడ అడుగుతారు, ఎక్కడ అడగరు

ముందు ఇది తేల్చుకుంటే సగం కంగారు తగ్గుతుంది. జేఈఈ, నీట్, ఏపీ ఈఏపీసెట్‌లలో మీరు వీణ వాయిస్తారా, వాలీబాల్ ఆడతారా అని ఎవరూ చూడరు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో ఎన్‌సీసీ, స్పోర్ట్స్ కేటగిరీలున్నాయి గానీ అవి కోటాలు. నిర్ణీత స్థాయి సర్టిఫికెట్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అక్కడ కథ చెప్పే పని లేదు.

ఐఐటీ మద్రాస్ ఈమధ్య కొత్త దారి తెరిచింది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించి, జాతీయ స్థాయిలో ఆడినవాళ్ల కోసం 2024-25 నుంచి క్రీడల విభాగంలో అదనపు సీట్లు పెట్టింది. ఆ తర్వాతి ఏడాది కళలకు, సైన్స్ ఒలింపియాడ్లకు కూడా అలాంటి దారే ఇచ్చింది. ఇక్కడా చూసేది సాధించిన స్థాయినే, వర్ణననూ వ్యాసాన్నీ కాదు.

అశోకా, మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో ఉన్న క్రియా, అజీమ్ ప్రేమ్‌జీ లాంటి ప్రైవేటు వర్సిటీల్లో మాత్రం తరగతి బయట ఏం చేశారన్న చర్చ వస్తుంది. ఇంటర్వ్యూలో ముఖాముఖి అడుగుతారు. నేవీ నగరం కాబట్టి ఇంకొకటి చెప్పుకోవాలి. ఎన్‌డీఏ రాతపరీక్ష గట్టెక్కి ఎస్‌ఎస్‌బీకి వెళ్తే (నేవీకి విశాఖలోనే ఒక బోర్డు ఉంది) మొదట చేతికిచ్చే వ్యక్తిగత వివరాల పత్రంలో ఆటలు, అభిరుచులు, ఎన్‌సీసీ, మీరు మోసిన బాధ్యతల కోసం ప్రత్యేకంగా గడులుంటాయి. అందులో రాసిన ప్రతి మాట మీదా ఇంటర్వ్యూ అధికారి ప్రశ్న వేస్తారు. ‘హాబీ: పుస్తకాలు చదవడం’ అని రాసి, చివరగా చదివిన పుస్తకం పేరు చెప్పలేక నీళ్లు నమిలేవాళ్లకు కొదవ లేదు.

బ్రిటన్ దారి వేరు. యూకాస్ పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది. మొత్తం 4,000 అక్షరాలు. మూడో ప్రశ్నే మనకు సంబంధించింది: చదువు బయట ఏం చేశారు, అది ఈ కోర్సుకు ఎలా పనికొస్తుంది? అక్కడి పెద్ద వర్సిటీలు క్రికెట్ కప్పుల కంటే, మీరు చేరాలనుకుంటున్న సబ్జెక్టులో సిలబస్ దాటి ఏం చదివారు, ఏం చేసి చూశారు అన్నదానికే విలువిస్తాయి. ఎర్రమట్టి దిబ్బల మీద నాలుగుసార్లు తిరిగి, ఆ ఇసుక ఎలా పేరుకుందో చదివి నోట్సు రాసుకున్న పిల్లకు జియాలజీ అప్లికేషన్‌లో అది రాష్ట్రస్థాయి త్రోబాల్ పతకం కంటే ఎక్కువ.

అసలు చిక్కంతా అమెరికా అండర్‌గ్రాడ్యుయేట్ దరఖాస్తుతోనే. ఎంఎస్‌కి వెళ్లే అన్నయ్యలు, అక్కల సలహా ఇక్కడ పెద్దగా పనికిరాదు. వాళ్లు రాసింది స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్. ఇది వేరే ఆట.

గడిలో ఏముంటుంది

అమెరికాలో ఎక్కువ కాలేజీలు వాడే కామన్ యాప్‌లో యాక్టివిటీస్‌కి పది గడులుంటాయి. ఒక్కో గడిలో మీ హోదాకో పాత్రకో 50 అక్షరాలు, సంస్థ పేరుకు 100, ఏం చేశారో చెప్పడానికి 150 అక్షరాలు. ఖాళీలు కూడా లెక్కే. అంటే ఇంగ్లిష్‌లో ఇరవై, పాతిక మాటలు. వీటితోపాటు ఏ తరగతుల్లో చేశారు (తొమ్మిది నుంచి పన్నెండు వరకే, మన ఇంటర్ రెండేళ్లూ పదకొండు, పన్నెండు), వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అన్న అంకెలూ ఇవ్వాలి. అవార్డులకు విడిగా అయిదు వరుసలుంటాయి. కాలిఫోర్నియా యూనివర్సిటీ దరఖాస్తు వేరు: అవార్డులతో కలిపి ఇరవై వరకు రాయొచ్చు, వర్ణనకు 350 అక్షరాలు. ఎంఐటీ సొంత దరఖాస్తులో నాలుగే అడుగుతుంది.

సర్టిఫికెట్లు జతచేసే చోటు కామన్ యాప్‌లోని ఈ విభాగంలో లేదు. ఎల్‌కేజీ ఫ్యాన్సీ డ్రెస్ నుంచి లామినేట్ చేయించి దాచిన ఆ లావుపాటి ఫైలు బీరువాలోనే ఉంటుంది. అమ్మానాన్నలకు మింగుడుపడని సంగతి ఇది.

150 అక్షరాల్లో విశేషణాలకు చోటుండదు. ‘నాయకత్వ లక్షణాలు, జట్టు స్ఫూర్తి అలవరచుకున్నాను’ లాంటి మాటలు రాస్తే సగం గడి వృథా. చేసిన పని, ఎంత చేశారు, దానివల్ల ఏం మారింది... ఈ మూడూ పడితే చాలు. ఒక ఉదాహరణ. విశాఖ తీరానికి జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటిని అటవీశాఖ హేచరీలకు చేర్చే పనిలో వాలంటీర్లూ సాయపడతారు. అలా చేసిన విద్యార్థి ‘తాబేళ్ల సంరక్షణలో పాల్గొన్నాను, ప్రకృతి విలువ తెలుసుకున్నాను’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘రెండు సీజన్లు, వారానికి రెండు రాత్రులు తీరం నడిచాను, గూళ్లు గుర్తించి గుడ్లు హేచరీకి చేర్చాం, రోజువారీ రిజిస్టరు నేనే రాశాను’ అంటే చదివేవాళ్ల కళ్ల ముందు ఒక మనిషి కనిపిస్తాడు. ఇంగ్లిష్‌లో ఇది సరిగ్గా గడిలో పడుతుంది. పక్కనున్న అంకెల్లో ‘వారానికి 6 గంటలు, ఏడాదికి 10 వారాలు’ అని నిజం రాస్తే సరిపోతుంది. ఏడాదంతా చేశానని సాగదీయక్కర్లేదు. తాబేళ్లు ఏడాదంతా రావుగా!

ఆటల్లో అంకె ఇంకా గట్టిగా మాట్లాడుతుంది. విశాఖ పోర్టు హైస్కూల్లో చదివిన జ్యోతి యర్రాజి 2023లో చెంగ్దూ ప్రపంచ వర్సిటీ క్రీడల్లో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో ముగించి కాంస్యం తెచ్చింది. ఆ ఒక్క అంకెకు ‘అత్యంత ప్రతిభావంతురాలు’ అన్న మాట జతచేసినా అదనపు లాభం లేదు. మీది జిల్లా స్థాయే కావచ్చు. మీ టైమింగ్, రెండేళ్లలో అది ఎంత తగ్గిందో రాయండి.

ఇంటిపని కూడా పనే

మన ఇళ్లల్లో ఎవరూ నమ్మని విషయం ఇదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. కామన్ యాప్‌లో యాక్టివిటీ రకాన్ని ఒక జాబితాలోంచి ఎంచుకోవాలి. అందులో డిబేట్, మ్యూజిక్, రోబోటిక్స్ పక్కనే ‘కుటుంబ బాధ్యతలు’, ‘జీతానికి చేసిన పని’ అన్నవి కూడా ఉన్నాయి. దయతలచి పెట్టినవి కావవి. హార్వర్డ్ విద్యా విభాగంలోని ఒక ప్రాజెక్టు 2016లో వెలువరించిన ‘టర్నింగ్ ద టైడ్’ నివేదిక ఇదే చెప్పింది: తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం, ఇంటి ఖర్చుల కోసం పని చేయడం కూడా సేవే, దాన్ని దరఖాస్తుల్లో గుర్తించాలని. ఎన్నో కాలేజీల అడ్మిషన్ల అధికారులు దానికి మద్దతిచ్చారు.

హార్వర్డ్ ప్రవేశాల మీద 2018లో నడిచిన కోర్టు విచారణలో ఆ వర్సిటీ అధికారులు దరఖాస్తులకు మార్కులు వేసే పద్ధతి బయటపడింది. చదువు, యాక్టివిటీస్, ఆటలు, వ్యక్తిత్వం... ఒక్కోదానికి ఒక్కో అంకె. యాక్టివిటీస్ వరుసలో కుటుంబ బాధ్యతలు, చదువుకుంటూ చేసే ఉద్యోగం గురించి విడిగా ఒక గుర్తే ఉంది. అంటే వాళ్లు దానికోసం వెతుకుతారు. మీరు రాయకపోతే వాళ్లకు కనపడదు, అంతే.

ఇప్పుడు హార్బర్ దగ్గరి ఆ అమ్మాయి సంగతి చూద్దాం. ఇది ఊహించి చెప్తున్న ఉదాహరణే అయినా పెదజాలరిపేటలోనో, వన్‌టౌన్‌లోనో అలాంటి పిల్లలు మీకూ తెలిసే ఉంటారు. పాత్ర: ‘కుటుంబ చేపల వ్యాపారంలో లెక్కలు చూసే వ్యక్తి’. వర్ణన: ‘తెల్లవారుజామున 4 నుంచి 6 వరకు వేలంలో అమ్మకు తోడు, రకాలవారీగా ధరలు మూడేళ్లుగా నోటుపుస్తకంలో నమోదు, నష్టం వచ్చే రోజులు చూసి కొనడం తగ్గించాం’. చేపల వేట నిషేధ కాలం ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా రెండు నెలలు కాబట్టి ఏడాదికి వారాలు 52 కావు, 43. ఆ 43 అన్న అంకె చూస్తే చాలు, ఇది కల్పించి రాసింది కాదని తెలిసిపోతుంది. ఆ అమ్మాయి ఎకనామిక్స్ చదవాలనుకుంటే ఇంతకంటే మంచి గడి డబ్బు పెట్టినా దొరకదు.

నాన్న షిఫ్టు డ్యూటీ, అమ్మకు ఒంట్లో బాగోదు, తాతయ్యను కేజీహెచ్‌కి తీసుకెళ్లి ఓపీ చీటీ దగ్గర్నుంచి మందుల దాకా చూసుకునేది మీరే. టిఫిన్ బండి దగ్గర సాయంత్రం రెండు గంటలు. నాన్న పనిచేసే క్లియరింగ్ ఏజెన్సీలో సెలవుల్లో షిప్పింగ్ బిల్లులు కంప్యూటర్లోకి ఎక్కించడం. ఇవన్నీ రాయొచ్చు. ఒక్క జాగ్రత్త: జాలి పుట్టించేలా రాయకండి. గడిలో పని మాత్రమే ఉండాలి. ఇంట్లో పరిస్థితి చెప్పాలనుకుంటే దానికి ‘అదనపు సమాచారం’ అనే చోటు వేరే ఉంది. ఉక్కు కర్మాగారం మీద 2021 జనవరిలో ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడ్డాక ఇంట్లో మాటలు ఎలా మారాయో, కూర్మన్నపాలెం శిబిరానికి నాన్నతో వెళ్లినప్పుడు ఏం చూశారో చెప్పాలంటే అది 650 పదాల వ్యాసానికి సరిపడే సంగతి. దాన్ని గడిలో కుక్కితే నలిగిపోతుంది.

ప్రభుత్వ బడి పిల్లలకు ఇంకో మాట. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి, ఏటా 12,000 రూపాయల చొప్పున తొమ్మిది నుంచి ఇంటర్ వరకు స్కాలర్‌షిప్ అందుకుంటున్నారా? అది అవార్డుల వరుసలో రాయదగ్గది. చాలామంది అది ‘ప్రభుత్వ పథకం’ కదా అని వదిలేస్తారు. పోటీ పరీక్షలో నెగ్గి తెచ్చుకున్నది పథకం ఎలా అవుతుంది?

మన మాట వాళ్లకు అర్థమవ్వాలి

‘ఎస్‌జీఎఫ్ అండర్-17 స్టేట్ సెకండ్’ అంటే మనకు ఒళ్లు పులకరిస్తుంది. బోస్టన్‌లో కూర్చున్న మనిషికి అదేమిటో తెలియదు. పొట్టి పేర్లు విప్పి రాయండి, ఎంతమందిలో రెండో స్థానమో చెప్పండి. ‘ఏయూ’ అన్నా అంతే. అక్కడివాళ్లకు అది మరేదో.

జానపద కళలది ఇంకా కష్టం, అందుకే ఇంకా అందం. ఊళ్లో తాతతో పాటు తప్పెటగుళ్లు ఆడే కుర్రాడు ‘ఫోక్ డాన్స్’ అని రెండు ముక్కల్లో తేల్చేస్తాడు. ఛాతీకి కట్టుకున్న రేకు వాయిద్యం వాయిస్తూ, గంతులేస్తూ రాత్రంతా కథ పాడే ఉత్తరాంధ్ర కళ అని ఒక్క వాక్యం పెడితే ఆ గడి మిగతా తొమ్మిదింటినీ మించిపోతుంది. అరకు వైపు థింసా ఆడేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. పియానో గ్రేడ్లు రాసేవాళ్లు వేలల్లో ఉంటారు. తప్పెటగుళ్లు రాసేవాళ్లు ఎందరుంటారు?

పది గడులూ నింపాలన్న పట్టుదల వద్దు. అయిదో ఆరో గట్టివి ఉంటే చాలు. ముఖ్యమైనది పైన, మిగతావి కింద. చదివేవాళ్లు మొదటి మూడింటి దగ్గరే ఎక్కువ ఆగుతారనుకుని రాయండి.

గంటల లెక్క తప్పితే

వారానికి ఉన్నవి 168 గంటలే. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్ ఉండే ఇంటర్ కాలేజీలో చదువుతూ, నాలుగు క్లబ్బులకు వారానికి పది గంటల చొప్పున ఇచ్చానని రాస్తే నిద్ర ఎప్పుడన్న ప్రశ్న వస్తుంది. గంటలు కలిపి చూసుకోవడానికి చదివేవాళ్లకు అర నిమిషం పట్టదు.

మరి హాస్టల్లో ఉండి, ఫోను కూడా లేక, నిజంగానే ఏమీ చెయ్యలేకపోయినవాళ్ల మాటేమిటి? తొమ్మిది, పది తరగతుల్లో చేసినవి లెక్కలోకి వస్తాయి. వేసవి సెలవులు వస్తాయి. రాత్రి స్టడీ అవర్‌లో వెనకబడ్డ రూమ్మేట్లకు ఆర్గానిక్ కెమిస్ట్రీ చెప్పడం, వారానికి నాలుగు గంటలు రెండేళ్లపాటు చేస్తే, అది కూడా యాక్టివిటీయే. కాలేజీలో క్లబ్బులు లేవన్న సంగతి మీరు చెప్పుకోవడం కంటే కాలేజీ చెబితే బాగుంటుంది. దరఖాస్తుతో పాటు కాలేజీ తరఫున వెళ్లే స్కూల్ రిపోర్ట్, కాలేజీ వివరాల పత్రంలో రోజువారీ టైంటేబుల్, క్లబ్బులు లేకపోవడం రాయమని ప్రిన్సిపల్‌ని అడగండి. ఆ పత్రం ఒకటుంటుందని చాలా కాలేజీలకే తెలియదు, నమూనా మీరే పట్టుకెళ్లాల్సి రావచ్చు. జేఈఈ కోచింగ్‌కి వారానికి ఎన్ని గంటలు పోయాయో అదనపు సమాచారంలో రెండు లైన్లు చాలు. దానికొక గడి ఖర్చు చేయడం దండగ.

అమ్మకానికి ప్రొఫైళ్లు

ఇప్పుడు ‘ప్రొఫైల్ బిల్డింగ్’ అన్న పేరుతో ప్యాకేజీలు అమ్ముతున్నారు. పదహారేళ్లకే ‘ఫౌండర్’ని చేస్తారు, వెబ్‌సైటు పెట్టిస్తారు, పేరులేని జర్నల్‌లో పరిశోధన పత్రం వేయిస్తారు. లక్షల్లో తీసుకునే ఈ సరుకు మీద ఈ పేజీలో మెత్తగా రాయాల్సిన పని లేదు. కొనకండి. ఇంటర్వ్యూలో ఆ సంస్థ గురించి మూడో ప్రశ్నకే బండారం బయటపడుతుంది. అంతకుమించి, ఇంట్లో అప్పు చేసి కొన్న గడి పక్కన మీరు నిజంగా చేసిన పని కూడా అనుమానాస్పదంగా కనిపిస్తుంది.

అబద్ధం రాస్తే ఏమవుతుందో చెప్పే కేసులున్నాయి. 2019లో అమెరికాను కుదిపేసిన ప్రవేశాల కుంభకోణంలో, ఎన్నడూ ఆడని పిల్లల ముఖాలను వాటర్ పోలో ఆటగాళ్ల ఫొటోలకు అతికించి మరీ సీట్లు కొన్నారు. తల్లిదండ్రులు, కోచ్‌లు జైలుకెళ్లారు. 2024లో పెన్సిల్వేనియాలోని లేహై వర్సిటీలో చదువుతున్న ఒక భారతీయ విద్యార్థి మార్కుల పత్రాలు, తండ్రి మరణ ధ్రువపత్రం దాకా ఫోర్జరీ చేసినట్టు తేలింది. అరెస్టయి, నేరం ఒప్పుకుని తిరిగి రావాల్సి వచ్చింది. కాలిఫోర్నియా వర్సిటీ కొన్ని దరఖాస్తులను యాదృచ్ఛికంగా ఎంచి, రాసినవాటికి రుజువు అడుగుతుంది. అందుకే లామినేటెడ్ ఫైలును పారేయమని మాత్రం చెప్పడం లేదు.

తేదీల సంగతి

కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ఎర్లీ దరఖాస్తులకు చాలా చోట్ల నవంబరు 1, మామూలు వాటికి జనవరి మొదటి రోజుల్లో గడువు. మనకు ఆ తర్వాత వెంటనే ఇంటర్ ప్రాక్టికల్స్, పబ్లిక్ పరీక్షలు, జేఈఈ మెయిన్ వరుసగా మీద పడతాయి. కాబట్టి ఈ జాబితా పని దసరా సెలవుల్లోనే ముగించాలి. ముందు తెల్లకాగితం మీద తొమ్మిదో తరగతి నుంచి చేసిన ప్రతి పనీ తెలుగులోనే రాసుకోండి, ఇంట్లోవాళ్లను కూడా అడగండి. మీరు మర్చిపోయినవి అమ్మమ్మకు గుర్తుంటాయి. అందులోంచి ఎంచి, గంటలు లెక్కగట్టి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి, 150 అక్షరాల్లోకి తీసుకురండి. చివరికి మిమ్మల్ని అంతగా ఎరగని ఒక టీచరుకో, పై వీధి అన్నయ్యకో ఇచ్చి చదివించండి. ‘బాగుంది’ అంటే వదిలేయొద్దు. ఏ గడి దగ్గరైనా ఆగి, ‘ఇంతకీ ఇందులో నువ్వు చేసిందేమిటి?’ అని అడిగారంటే ఆ గడి మళ్లీ రాయాలి.